హుస్నాబాద్‌లో అక్షరాలెన్ని?

ఐదక్షరాల ఇంగ్లిష్ పదం కావాలి. నడుమ 'ఏ' ఉండాలి, చివర 'ఈ' ఉండాలి. పోటీపరీక్షల పుస్తకాల్లోనూ ఫోన్లలో ఆడే ఆటల్లోనూ ఇలాంటి ప్రశ్న ఇప్పుడు మామూలైపోయింది. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలు కూడా నిమిషంలో నాలుగైదు చెప్పేస్తారు: ప్లేట్, స్లేట్, షేప్, గ్రేప్, బ్రేవ్. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. ఇదే ఆటను తెలుగులో ఆడబోతే ఎందుకు తడబడతాం? మనకేమన్నా పదాల కరువా? దీనికి మన లిపి చిక్కుగా ఉంటుందని, వత్తులూ గుణింతాలూ ఎక్కువని ఒక జవాబు ప్రచారంలో ఉంది. ఆ జవాబు అసలు సంగతిని దాటేస్తుంది. చిక్కు లిపిలో లేదు, ఐదు అనే అంకెలో ఉంది. ఆ అంకె దేన్ని కొలుస్తోందో అడగకుండానే దాన్ని తెచ్చి మన పదాల మీద పెడుతున్నాం.

పాత కరీంనగర్ జిల్లాలోని హుస్నాబాద్ పేరునే తీసుకుందాం. ఇందులో అక్షరాలెన్ని? ఇంగ్లిష్‌లో రాస్తే 8. ఉర్దూలో రాస్తే 7, ఎందుకంటే 'హు'లోని పొట్టి ఉకారాన్ని ఉర్దూలో విడిగా రాయరు. తెలుగులో కంటికి కనబడేవి 4: హు, స్నా, బా, ద్. పద్యం రాసేవాళ్ళను అడిగితే 3 అంటారు. వాళ్ళ లెక్కలో పొల్లు విడి అక్షరం కాదు, ముందున్న అక్షరంలో కలిసిపోతుంది. అదే పేరును కంప్యూటర్ తన కొట్లో దాచుకునేటప్పుడు 10 గుర్తులుగా దాచుకుంటుంది. ఒకే ఊరి పేరుకు 3, 4, 7, 8, 10 అని ఐదు జవాబులు వచ్చాయి. ఐదూ సరైనవే. పదం పొడవు పదంలోనే ఉండదని, కొలిచే పద్ధతిని బట్టి ఏర్పడుతుందని ఇంతవరకు ఒప్పుకోవడం కష్టం కాదు. ఈ అధ్యాయం అక్కడి నుంచి ఇంకో అడుగు వేస్తుంది. కొలత మారితే ఒక్కో అక్షరం మోసే సమాచారం కూడా మారుతుంది. తెలుగు అక్షరం ఇంగ్లిష్ అక్షరం కన్నా చాలా బరువు మోస్తుంది. ఆటను ఆ బరువును బట్టి కట్టుకోవాలి.

ఒక్క అక్షరం ఎంత చెబుతుంది?

జాష్ వార్డల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 2021 అక్టోబరులో జనం ముందు పెట్టిన వర్డల్ ఆటతో ఈ గొడవను మొదలుపెట్టడం తేలిక. కొద్ది నెలల్లోనే అది లక్షల మందికి అంటుకుంది. 2022 జనవరి ఆఖరున న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాన్ని కొనేసింది. ఐదక్షరాల పదాన్ని ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. చెప్పిన అక్షరం సరైన చోట ఉంటే గడి ఆకుపచ్చగా మారుతుంది. పదంలో ఉండి చోటు తప్పితే పసుపు రంగు, అసలు లేకపోతే బూడిద రంగు. ఇంగ్లిష్‌లోని 26 అక్షరాలను ఐదు గళ్ళలో ఎలా పడితే అలా పేరిస్తే 1,18,81,376 పేర్పులు వస్తాయి. అందులో పదాలుగా ఆట ఒప్పుకున్నవి మొదట్లో 12,972. అంటే సుమారు 916 పేర్పులకు ఒకటి అర్థమున్న పదం. వాటిలోనూ అందరికీ తెలిసినవి ఏరి, జవాబులుగా 2,315 మాత్రమే ఉంచారు.

ఆ 2,315లో ఒకదాన్ని పట్టుకోవడానికి ఎంత సమాచారం కావాలి? పశువుల అంగడిలో తప్పిపోయిన ఎద్దును వెతకడం అనుకోండి. అంగడిలో వెయ్యి పశువులున్నాయి. వెతికిపెట్టేవాడు పోగొట్టుకున్న రైతును అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలే అడగాలి. 'తెల్లదా?' అని అడిగితే, అంగడిలో తెల్లవి సగం ఉన్నప్పుడు, జవాబు ఏదైనా సరే సగం పశువులను చూడాల్సిన పని తప్పుతుంది. 'ఎడమ కొమ్ము విరిగిందా?' అని అడిగి అవునని జవాబొస్తే పని దాదాపు అయిపోయినట్టే, అలాంటివి అంగడి మొత్తంలో మూడో నాలుగో ఉంటాయి. కాదని వస్తే మాత్రం 996 పశువులు ఇంకా అక్కడే నిలబడి ఉంటాయి. విరిగిన కొమ్ము గొప్ప ఆనవాలు, కానీ మొదటి ప్రశ్నగా దండగ. సగానికి సగం తెంచే ప్రశ్న ఆనవాలుగా చప్పగా ఉంటుంది, అయినా ప్రతిసారీ పని చేస్తుంది. పది ప్రశ్నలు సరిగ్గా సగానికి తెంచుకుంటూ పోతే 1,024 పశువుల్లో ఒకటి దొరుకుతుంది. ఇలా సగానికి తగ్గించే ఒక్కో జవాబును శాస్త్రజ్ఞులు బిట్ అంటారు. మనం దాన్ని 'సగింపు' అందాం. 2,315 పదాలకు పదకొండు సగింపుల కన్నా కొంచెం ఎక్కువ కావాలి.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వద్దాం. వర్డల్ జవాబుల్లో ఇంగ్లిష్ 'ఈ' ఉన్న పదాలు దాదాపు సగం. 'జే' ఉన్నవి 30 లోపే. 'ఈ ఉందా?' అనేది తెల్లెద్దు ప్రశ్న, 'జే ఉందా?' అనేది విరిగిన కొమ్ము ప్రశ్న. జే ఉందని తెలిస్తే 2,315 కాస్తా ఒక్క దెబ్బతో 30 లోపుకు దిగుతుంది, అంటే ఆరు సగింపులకు పైన చేతికొచ్చినట్టు. కాకపోతే ఆ అదృష్టం ఎనభై ప్రయత్నాలకు ఒక్కసారి కూడా పట్టదు. ఆటలో ఆరితేరినవాళ్ళు మొదట ఆర్, ఏ, ఐ, ఎస్, ఈ ఉన్న పదాన్ని వేసేది ఇందుకే. అలాంటి ఒక్క ఊహతో మిగిలే పదాలు సగటున 60 ప్రాంతానికి దిగిపోతాయి. అరుదైన అక్షరం ఎక్కువ చెబుతుంది, కానీ అరుదుగా చెబుతుంది. ఈ రెంటికీ మధ్య లెక్క కుదర్చడాన్నే ఎంట్రొపీ అనే కొలత పట్టుకుంటుంది. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1948లో దాన్ని సమాచారానికి అన్వయించి చూపాడు. షానన్‌కు ముందే, 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పి, పత్రికల పుటల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో ఓపిగ్గా లెక్కపెట్టి స్క్రాబుల్ ఆటను తయారుచేశాడు. అందులో 100 బిళ్ళలుంటే 'ఈ'వి 12, ఒక్కోదానికి ఒక్క మార్కు. 'క్యూ', 'జెడ్' ఒక్కొక్కటే, పది మార్కుల చొప్పున.

చేతికొచ్చిన అక్షరాల సంఖ్యను బట్టి సమాచారాన్ని కొలవలేమని చెప్పడానికి ఇంగ్లిష్‌లోనే మంచి సాక్ష్యం ఉంది. చివరి నాలుగక్షరాలు ఐ, జీ, హెచ్, టీ అని తేలిపోయిందనుకుందాం. ఐదింట నాలుగు తెలుసు, ఇక అయిపోయినట్టే అనిపిస్తుంది. కానీ లైట్, మైట్, నైట్, ఫైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్ అని ఎనిమిది పదాలు వరసగా నిలబడతాయి. ఎనిమిది అంటే ఇంకా మూడు సగింపులు మిగిలాయి. 'ఐ' తర్వాత 'జీ' వచ్చాక హెచ్, టీ వస్తాయని చాలావరకు ముందే ఊహించవచ్చు. ఊహకు అందేది కొత్తగా ఏమీ చెప్పదు. పలకని ఆ 'జీ', 'హెచ్' గడి నింపడం తప్ప పెద్దగా పని చేయవు. మొదట్లో చెప్పుకున్న ప్లేట్, స్లేట్ పదాల చివరి 'ఈ' కూడా పలకదు. నడుమనున్న 'ఏ'ను దీర్ఘంగా పలకమని చెప్పడమే దాని పని. ఇలా ఒక గుర్తు చెప్పిందే ఇంకో గుర్తు మళ్ళీ చెప్పడాన్ని పునరుక్తి అనవచ్చు. షానన్ తన తొలి వ్యాసంలో, రాసే ఇంగ్లిష్‌లో సుమారు సగం పునరుక్తే అని అంచనా కట్టాడు.

ఆ ఐదక్షరాల పదాలను తెలుగులో రాసి చూస్తే ఇది కళ్ళముందే కనబడుతుంది. ప్లే-ట్, షే-ప్, బ్రే-వ్, లై-ట్, నై-ట్: అన్నీ రెండేసి ముక్కలు. ఇంగ్లిష్ ఐదు గళ్ళలో పరిచిన సరుకును తెలుగు రెండు గళ్ళలో సర్దింది. లిపి చిక్కుగా ఉందనే ఫిర్యాదును ఇక్కడ తిరగేసి చదువుకోవచ్చు.

యంత్రం చూపు

'ఇంత తర్కం దేనికి, కంప్యూటర్‌ను అడిగితే ఐదక్షరాల పదాలన్నీ ఏరి ఇవ్వదా?' అని ఎవరైనా అనవచ్చు. ఇస్తుంది. ఏం ఇస్తుందన్నదే చూడాలి. భారతీయ లిపుల కోసం మన దేశం రూపొందించుకున్న ఇస్కీ పద్ధతిని ఆధారం చేసుకుని, 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 చోట్లు కేటాయించింది. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, విసర్గ, పొల్లు, అంకెలు అన్నీ ఆ చోట్లలోనే సర్దుకున్నాయి. ఒత్తులకు విడిగా చోటు లేదు. 'స్నా' రాయాలంటే స, పొల్లు, న, దీర్ఘం అని నాలుగు గుర్తులు వరసగా వేయాలి, వాటిని కలిపి గీసి చూపించడం తెర పని. ఇది తెలివైన ఏర్పాటే. ఒత్తుల కలయికలన్నిటికీ విడివిడి చోట్లు ఇవ్వబోతే వేలు కావాలి. కానీ గుర్తులను లెక్కపెట్టి పదం పొడవు చెప్పే మామూలు ప్రోగ్రాముకు 'పలక' మూడు, 'అమ్మ' నాలుగు, 'స్త్రీ' ఆరు. స్త్రీ మన లెక్కలో ఒకే అక్షరం. ఆరక్షరాల పదాలు ఏరమంటే అది ఏకాక్షర పదాన్ని తెచ్చి చేతిలో పెడుతుంది. తప్పు యంత్రానిది కాదు, అక్షరం అంటే ఏమిటో మనం చెప్పలేదు.

ఈ తేడా ఆటల దగ్గర ఆగిపోదు. పాతకాలపు ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే 160 గుర్తులు పడతాయి, తెలుగులో అయితే 70. 'హుస్నాబాద్' అన్న ఒక్క మాటే తెలుగు సందేశంలో ఏడో వంతు తినేస్తుంది, ఇంగ్లిష్ సందేశంలో ఇరవయ్యో వంతు. పంపేవాళ్ళకు అది రెండు సందేశాల ఖర్చు కూడా కావచ్చు. 2018 ఫిబ్రవరిలో ఇంకా విచిత్రం జరిగింది. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి, దీర్ఘం ఈ వరసలో వచ్చిన ఒకే ఒక్క తెలుగు అక్షరం తెర మీదికి రాగానే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలాయి. చూపు మాత్రానికి అది విజ్ఞానంలోని 'జ్ఞా'. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ఐదు గుర్తులను ఒక అక్షరంగా కూర్చడంలో ఎక్కడో తప్పింది. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో యంత్రానికి చెప్పడం పండితుల కాలక్షేపం అనుకునేవాళ్ళకు ఈ ఉదంతం చాలు.

కంటికి ఒకటిగా కనబడేదాన్ని ఒకటిగా లెక్కించే నియమాలు యూనికోడ్‌లో లేకపోలేదు. అవి చాలాకాలం పొల్లు దగ్గర తెగేవి. 'స్నా'ను స్, నా అని రెండు చేసేవి. ఆ లెక్కన హుస్నాబాద్‌కు అక్షరాలు ఐదు! 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు ఈ నియమాన్ని సవరించి, ఒత్తున్న అక్షరాన్ని కలిపే ఉంచాలన్నారు. దాంతో యంత్రం కూడా నాలుగు అనడం నేర్చుకుంది. ఊరు మారలేదు, పేరు మారలేదు. ఒప్పందం మారింది, పొడవు తగ్గింది.

బొమ్మలగుట్ట మీద లెక్క

పదానికి పొడవు కట్టడం మన దగ్గర ఫోన్లతో మొదలైన పని కాదు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దపు శాసనం ఉంది. కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు వేయించినది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న ఆ రాతి మీద మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగులో ఇప్పటివరకు దొరికిన తొలి కందాలుగా వాటిని చెబుతారు. కందం అక్షరాలను లెక్కపెట్టదు, మాత్రలను లెక్కపెడుతుంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. నాలుగు మాత్రల గణాలు మొదటి, మూడో పాదాల్లో మూడేసి, రెండో, నాలుగో పాదాల్లో ఐదేసి రావాలి. మొత్తం 64 మాత్రలు. ఉత్పలమాల అయితే పాదానికి సరిగ్గా 20 అక్షరాలు, చంపకమాల 21, శార్దూలం 19. ఒకే భాషలో, ఒకే కవి చేతిలో, ఒక పద్యానికి ఒక కొలత, ఇంకో పద్యానికి ఇంకో కొలత. మనం ఇప్పుడు కంప్యూటర్ల పుణ్యమా అని కనిపెట్టామనుకుంటున్న సంగతి ఛందస్సు చదివినవాళ్ళకు పాతదే.

హుస్నాబాద్‌ను ఈ తూకంలో వేస్తే ఏమవుతుంది? 'హు' పొట్టిదే అయినా వెనక ఒత్తున్న 'స్నా' ఉంది కాబట్టి గురువవుతుంది. 'స్నా' గురువు. 'బా' దీర్ఘమే, పొల్లు 'ద్' కూడా దానిలోనే కలుస్తుంది, కాబట్టి అదీ గురువు. మూడు గురువులు కలిస్తే మగణం, ఆరు మాత్రలు. శార్దూల పద్యం మగణంతోనే మొదలవ్వాలి కాబట్టి ఈ ఊరి పేరుతో శార్దూలం ఎత్తుకోవచ్చు. ఊరి పేరును జనం నోట పలికినట్టు 'హుస్నాబాదు' అని రాశారో, అక్షరాలు నాలుగు, మాత్రలు ఏడు అవుతాయి, కథ మారిపోతుంది.

పొడవుతో పాటు 'ఫలానా అక్షరం ఉండాలి', 'ఫలానాది ఉండకూడదు' అనే షరతులూ మన పద్యానికి కొత్త కావు. ప్రాస నియమం ప్రకారం నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంలో ఒకే హల్లు రావాలి, దాని మీది అచ్చు ఏదైనా ఫరవాలేదు. ఉండకూడని అక్షరాల షరతు ఇంకా గట్టిది. గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన 16వ శతాబ్దంలో మరింగంటి సింగరాచార్యులు 'దశరథరాజనందన చరిత్ర' అని నిరోష్ఠ్య కావ్యం రాశాడు. పెదవులు కలిపో గుండ్రంగా చుట్టో పలికే అక్షరాలేవీ అందులో రాకూడదు. ప, ఫ, బ, భ, మ, వ పనికిరావు, ఉ, ఊ, ఒ, ఓలతో వచ్చే గుణింతాలూ పనికిరావు. రాముడి కథ రాస్తూ రాముడి పేరు ఎత్తలేడు. పుస్తకం పేరు 'దశరథరాజనందన' అని ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అక్షరం అక్షరం చూస్తే తెలుస్తుంది. సంస్కృతంలో దండి కూడా దశకుమారచరితంలో మంత్రగుప్తుడి చేత ఒక ఉచ్ఛ్వాసం మొత్తం ఇలాగే చెప్పించాడు.

ఇంగ్లిష్‌లో దీనికి జోడీగా 1939లో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ రాసిన 'గాడ్స్‌బీ' నవలను చెబుతారు. యాభై వేల పైచిలుకు మాటల్లో ఎక్కడా 'ఈ' రాకుండా రాశాడు. ఇంగ్లిష్ రాతలో ప్రతి ఎనిమిది అక్షరాల్లో ఒకటి 'ఈ'నే కాబట్టి అది సామాన్యమైన పని కాదు. అయినా సింగరాచార్యుల షరతే బరువైనదని నా అభిప్రాయం. తెలుగు మాట సహజంగా వాలేది ఉకారం మీద. ప్రథమలో 'డు', 'ము', 'వు' రాలేవు. బహువచనపు 'లు' రాలేదు. 'కు', 'ను' విభక్తులు రాలేవు. అక్షరాలతో పాటు వ్యాకరణంలో పెద్ద ముక్కే పోయింది. ఈ జల్లెడలో ఉత్తర తెలంగాణ ఊళ్ళను పోసి చూడటం సరదాగా ఉంటుంది. సిరిసిల్ల, జగిత్యాల జారిపడి కావ్యంలోకి వెళ్ళిపోతాయి. ఆదిలాబాద్, నిర్మల్, వేములవాడ, హుస్నాబాద్ ఆగిపోతాయి. కరీంనగర్‌లో కంటికి మకారం కనబడదు, కానీ అక్కడి సున్న నోట్లో 'మ్' అనే పలుకుతుంది కాబట్టి దాన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఐదుకు బదులు మూడు

తెలుగు అక్షరం బరువెంతో ఇప్పుడు అంకెల్లో చూద్దాం. హల్లులు 35 అనుకుని, ఒక్కోదానికి గుణింతంలో 14 రూపాల చొప్పున వేస్తే 490. అచ్చులు కలిపితే 500 దాటుతుంది. ఒత్తులను ఇంకా ముట్టుకోలేదు. ఒత్తులు లేని 500తోనే ఐదు గళ్ళు నింపితే 31 లక్షల కోట్లకు పైగా పేర్పులు వస్తాయి. ఇంగ్లిష్‌లో వచ్చినవి కోటీ 19 లక్షలు. మూడు గళ్ళు చాలు, మన పేర్పులు 12 కోట్ల 50 లక్షలవుతాయి. అంటే మూడు తెలుగు అక్షరాలు ఐదు ఇంగ్లిష్ అక్షరాలను మించి మోయగలవు. ఐదు గళ్ళ తెలుగు ఆట కష్టంగా తోచడానికి కారణం ఇదే. ఆట ఒప్పుకునే పదాలు అన్నే ఉంటాయి, పేర్పుల అడవి మాత్రం లక్షల రెట్లు పెరుగుతుంది. ఒక ఊహలో అయిదు అక్షరాలు వేస్తే ఐదూ బూడిద రంగులోకి పోతాయి. 500 అక్షరాల్లో అయిదు పోయినందుకు ఎవరికీ ఏమీ తెలియదు. ప్రతి ప్రశ్నా విరిగిన కొమ్ము ప్రశ్నే అవుతుంది.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. తెలుగు మాటలకు తోకలెక్కువ. ఇల్లు, ఇంట్లో, ఇంట్లోకి, ఇంట్లోంచి, ఇంట్లోంచే. వీటిలో ఏది పదం? హద్దే లేని జాబితాలో వెతకడం ఎలా? నిజమే. కానీ ఇంగ్లిష్ ఆట కూడా దొరికిన ప్రతి పదాన్నీ మింగలేదు, 12,972ను 2,315కు కుదించుకుంది. జాబితా ఎప్పుడూ ఎవరో కూర్చుని ఏరినదే. మనం నిఘంటువులో కనబడే మూలరూపాలకు హద్దు గీసుకోవచ్చు. అసలు చిక్కు రాత స్థిరంగా లేకపోవడం. 'పుస్తకము' అంటే నాలుగక్షరాలు, 'పుస్తకం' అంటే మూడు. 'వస్తున్నాడు' నాలుగు, హుస్నాబాద్ అంగట్లో వినబడే 'వస్తుండు' మూడు. ఎవరి తెలుగును జాబితాలో పెడతామన్నది లెక్కల ప్రశ్న కాదు. పాత నిఘంటువుల రూపాలే పెడితే ఇవాళ్టి పిల్లలు ఆడలేరు. ఒక్క ప్రాంతపు రూపాలు పెడితే మిగతావాళ్ళు ఆడరు. రెండు రూపాలనూ ఊహగా ఒప్పుకుని, జవాబుగా మాత్రం అన్ని చోట్లా వాడుకలో ఉన్న మాటలనే పెట్టడం నాకు సబబనిపిస్తుంది. జాబితా చిన్నదవుతుంది, కానీ రెండు మూడు వేల పదాలకు లోటుండదు.

తెలుగు అక్షరం బరువుకు ఇంకో సాక్ష్యం గళ్ళ నుడికట్టులో ఉంది. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు చేయి చేసుకున్న ఆట అది. అందులో ఒక గడికి ఒక అక్షరం, గుణింతంతో ఒత్తుతో సహా. షానన్ 1948 నాటి వ్యాసంలోనే నుడికట్టు గురించి ముచ్చటైన మాట ఒకటి చెప్పాడు. భాషలో పునరుక్తి మరీ ఎక్కువైతే పెద్ద గళ్ళపట్టీ కట్టలేం, ఎందుకంటే అక్షరాలకు స్వేచ్ఛ ఉండదు. ఇంగ్లిష్‌లో సగం పునరుక్తి ఉంది కాబట్టి అడ్డం, నిలువు నుడికట్టు సరిగ్గా కుదురుతోందన్నాడు. మూడో వంతే ఉంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడు దిక్కులా నుడికట్టు కట్టవచ్చట. తెలుగు పట్టీలో ఏం జరుగుతుందో చూడండి. అడ్డం పదంలో మూడోది 'స్నా' వచ్చిందంటే, అక్కడ 'స్నా' ఉన్న నిలువు పదమే వెతకాలి. స్నానం, స్నాతకం తప్ప మహా అయితే ఇంకో రెండు మూడు తడతాయి. అందుకేనేమో తెలుగు నుడికట్టుల్లో పదాలు తలకిందులవుతాయి, వెనక నుంచి ముందుకు నడుస్తాయి, అక్షరాలు చెల్లాచెదురవుతాయి. 'తడబడింది', 'తిరగబడింది' అని ఆధారాల్లో రాసే ఆ వెసులుబాటును కూర్పరి బద్ధకంగా కొందరు ఈసడిస్తారు. బరువైన అక్షరాలను రెండు దిక్కులా అతికించాలంటే ఏదో ఒక కీలు వదులు చేయక తప్పదు, అంతే.

అయితే అక్షరాన్ని విడగొట్టి హల్లులనూ అచ్చులనూ వేర్వేరు గళ్ళలో పెడితే పోలేదా అని అడగవచ్చు. లెక్క కుదురుతుంది, కానీ చదివేవాళ్ళ కన్ను ఒప్పుకోదు. పలక మీద 'క' దిద్దినప్పటి నుంచీ మనకు 'కి' అంటే ఒక్కటే ముక్క. అంతకన్నా మేలైన దారి ప్రాస చూపుతోంది. గడిని అక్షరానికే ఉంచి, ఆనవాలును మాత్రం రెండు పాళ్ళు చేయాలి. హల్లు సరిపోయి అచ్చు తప్పితే ఒక రంగు, అచ్చు సరిపోయి హల్లు తప్పితే ఇంకో రంగు. హల్లు తెలిస్తే 490 అవకాశాలు 14కు దిగుతాయి, అయిదు సగింపులకు కాస్త పైనే. అచ్చు మాత్రమే తెలిస్తే 490 కాస్తా 35 అవుతాయి, నాలుగు సగింపులకు తక్కువ. మన మాటల్లో అకార ఉకారాలే విరివిగా వస్తాయి కాబట్టి అచ్చు ఆనవాలు ఆచరణలో ఇంకా పలచబడుతుంది. ప్రాసలో హల్లును పట్టుకుని అచ్చును వదిలేసినవాళ్ళు సగింపుల లెక్క వేసి ఉండరు. అయినా ఎక్కువ చెప్పే సగాన్నే పట్టుకున్నారు.

సున్నను ఏ సగంలో వేయాలన్నది ఆట కట్టేవాళ్ళకు ఎదురయ్యే తర్వాతి చిక్కు. పందిలో అది 'న్', పంటలో 'ణ్', పంపులో 'మ్', గుణింతంలో మాత్రం అచ్చుల వెనక చేరిన గుర్తు. దీనికీ ఛందస్సులో తీర్పు ఉంది. ప్రాసస్థానంలోని హల్లుకు ముందు ఒక పాదంలో సున్న ఉంటే నాలుగు పాదాల్లోనూ సున్న ఉండాల్సిందే. ఆ పద్ధతిలో పోతే 'పంది' అన్న ఊహకు 'పది' జవాబైనప్పుడు మొదటి గడి ఆకుపచ్చగానూ, రెండో గడి అచ్చు రంగులోనూ వెలగాలి.